బిడ్డలను దూరదేశమునకు పంపు తల్లిదండ్రుల ధర్మము

భాగ్యనగరమునకు సమీపమున, గండిపేట చెరువు చెంత, చిలుకూరు గ్రామమున వేంచేసియున్న శ్రీ బాలాజీ వేంకటేశ్వరస్వామివారి సన్నిధి భక్తులకు సుపరిచితము. అచ్చట హుండీ లేదు. కోరిక కోరుకొనువారు 11 ప్రదక్షిణములును, అది నెరవేరిన పిమ్మట 108 ప్రదక్షిణములును చేయుట ఆచారము. విదేశయానమును కోరి వచ్చు యువకులును, వారి తల్లిదండ్రులును పెక్కుమంది యగుటచే లోకులు ఆ స్వామిని “వీసా బాలాజీ” యని ముద్దుగా పిలుచుకొనుచున్నారు.

కొంతకాలము క్రిందట నేనచ్చట ప్రదక్షిణము చేసి కూర్చుండియుండగా, చేతిలోని కాగితముపై గళ్ళను ఒక్కొక్కటిగా కొట్టివేసికొనుచు మెల్లగా నడచుచున్న ఒక గృహిణి అలసి నా ప్రక్కకు వచ్చి కూర్చున్నది. కుమారునికి అమెరికా వీసా లభించినదట. మ్రొక్కు తీర్చుకొనుచున్నదట. “మంచిదమ్మా!” అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయ్యగారూ! మొన్న పదకొండు తిరిగినప్పుడు దేవుని ఏమి అడగాల్నో తెలిసింది. ఇప్పుడు నూటెనిమిది తిరుగుతున్నగానీ ఏం అడగాల్నో తెలుస్తలేదు. వాడు పోవాలని మొక్కింది నేనే. వాడు పోతుంటే కాళ్ళు ముందుకు పడ్తలేవు” అన్నది.

“అంతయు స్వామి చూచుకొనునమ్మా” యని చెప్పి నేను లేచి వచ్చితిని. ఆ మాట అసత్యము కాదు. కాని ఆమె అడిగినదానికి అది సమాధానమును కాదు. ఈ వ్యాసము ఆ సమాధానమునకై ఆలస్యముగా చేసిన ప్రయత్నము.

పూర్వపక్షము

ముందుగా శాస్త్రమేమి చెప్పుచున్నదో విచారింతము. సముద్రయానము పతనహేతువులలో నొకటియని బోధాయన ధర్మసూత్రము చెప్పినది. శ్రాద్ధమునకు పిలువరానివారిలో సముద్రయానము చేసినవానిని మనువు పేర్కొన్నాడు. అట్టి ద్విజుని స్వీకరించుటను కలివర్జ్యములలో చేర్చినవారు కలరు. ఇది యొక వైపు.

రెండవ వైపును చూడవలయును. ఆ బోధాయనుడే సముద్రయానమును ఉత్తరదేశవాసుల ఆచారములలో నొకటిగా చెప్పియున్నాడు. ఆ మనువే వడ్డీని నిర్ణయించు సందర్భమున సముద్రయానమునందు నేర్పరులైనవారి మాటకు విలువ నిచ్చియున్నాడు. అనగా మన పూర్వులు సముద్రము నెరుగనివారు కారు. ఎరిగియే హద్దులు పెట్టినారు. సంధ్యావందనము, ఆహారనియమము, శ్రాద్ధము, సజ్జనసాంగత్యము లోపించునన్న భయమే ఆ హద్దులకు మూలమని నా బుద్ధికి తోచుచున్నది. ప్రాయశ్చిత్తాది విషయములలో ఎవరి సంప్రదాయము వారిది. తమ తమ ఆచార్యుల నడిగి నడచుకొనవలయును. కాని ఒక్కటి నిశ్చయము. నిషేధమునకు మూలమైన భయము తీరునట్లు బిడ్డను పంపుట తల్లిదండ్రుల చేతిలోని పని. దాని నుపేక్షించి వీసా వచ్చినదని మిఠాయి పంచుటతో మన ధర్మము ముగియదు.

ఇద్దరు తల్లులు

ఈ సంకటమును మనకు పూర్వమే అనుభవించిన తల్లుల నిద్దరిని స్మరింతము. ఇద్దరును భక్తురాండ్రే.

1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన బొంబాయి రేవునుండి మోహన్‌దాస్ గాంధీ ఇంగ్లండుకు ఓడ యెక్కినాడు. తల్లి పుత్లీబాయి వెంటనే సమ్మతింపలేదు. బేచర్‌జీ స్వామి యను జైన సాధువు ఎదుట మద్యము, మాంసము, పరస్త్రీ అను మూడింటిని ముట్టనని కుమారునిచేత ప్రమాణము చేయించి, ఆ తరువాతనే అనుమతి నిచ్చినది. కులపెద్దలు ఆ యువకుని వెలివేసి, అతనిని సాగనంపబోవువారికి జరిమానా విధించిరి. తల్లి మాత్రము తన మాట తప్పలేదు. 1891లో అతడు తిరిగివచ్చుసరికి ఆమె జీవించి లేదు. మరణవార్తను అన్నగారు అంతవరకు దాచియుంచినారు. అతడు పరదేశమున తల్లికిచ్చిన మాటను నిలబెట్టుకొన్నాడు. ఆ సంగతి ఆమె కన్నులార చూడలేదు.

రెండవ తల్లి కుంభకోణమునందలి కోమలతమ్మాళ్. గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ ఆమె కుమారుడు. శ్రీవైష్ణవ కుటుంబము. నామక్కల్ క్షేత్రమున వేంచేసియున్న శ్రీ నరసింహస్వామి దేవేరి నామగిరి తాయారు వారి యింటి యిలవేలుపు. కేంబ్రిడ్జినుండి పిలుపు వచ్చినపుడు తల్లి అంగీకరింపలేదు. పిమ్మట ఒకనాటి స్వప్నమున కుమారుడు దొరల నడుమ కూర్చుండియున్నట్లును, అతని జన్మప్రయోజనమునకు అడ్డు రావలదని తాయారు ఆజ్ఞాపించినట్లును ఆమెకు తోచినదని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. 1914 మార్చి 17వ తేదీన అతడు మదరాసునుండి బయలుదేరినాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. 1919లో వ్యాధిగ్రస్తుడై తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన, 32 సంవత్సరముల వయస్సున పరమపదించినాడు.

ఆ తల్లి పంపుట తప్పా? పంపకున్నచో లోకము ఒక మహామేధావిని కోల్పోయియుండెడిది. పంపుటచే ఆమె కుమారునికి దూరమై, రోగిగా తిరిగి పొందినది. ఈ రెండును సత్యములే. ఒకదానిని చూపి రెండవదానిని కప్పుట తగదు. బిడ్డను పంపుటయందు లాభమును నష్టమును కలిసియే యుండునని ఎరిగి పంపినవారే ధైర్యవంతులు.

దశరథుడు, కౌసల్య

శ్రీమద్రామాయణ బాలకాండమున విశ్వామిత్ర మహర్షి అయోధ్యకు వచ్చినపుడు దశరథుడు ఏమి కావలసినను ఇత్తునని వాగ్దానము చేసినాడు. ఋషి రాముని అడిగినంతనే ఆ మహారాజు మూర్ఛిల్లినాడు. తేరుకొని, బాలునికి పదునారేండ్లయినను నిండలేదన్నాడు. తన అక్షౌహిణీ సైన్యమును తీసికొనిపొమ్మన్నాడు. తానే వచ్చి యుద్ధము చేయుదునన్నాడు. వసిష్ఠులవారు ఆయనను సమాధానపరచిరి. ఆ మహర్షి తన్ను తాను రక్షించుకొనలేక రాలేదనియు, రాముని మేలు కోరియే వచ్చినాడనియు చెప్పిరి.

ఇందు మనము గ్రహింపవలసినవి మూడు. మొదటిది, బిడ్డకు బదులు తానే కష్టపడుదుననుట ప్రేమయే; కాని బిడ్డ నేర్వవలసిన విద్యను తండ్రి నేర్వజాలడు. రెండవది, రాముని ఒంటరిగా పంపలేదు. లక్ష్మణుని తోడునిచ్చి, ఒక గురువు చేతికి అప్పగించిరి. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. నిశ్చయమైన పిమ్మట దశరథుడు ఏడ్చుచు పంపలేదు. కుమారుని శిరము మూర్కొని, ప్రసన్నమైన మనస్సుతో అప్పగించినాడు. సరయూ తీరమున రామునికి బల, అతిబల యను విద్యలు లభించినవి. ఆ ప్రయాణము చివరనే మిథిలలో సీతాదేవి లభించినది. తండ్రి తలుపు మూసియున్నచో ఇవి యేవియు లేవు.

అయోధ్యాకాండమున కౌసల్యాదేవిని చూడుడు. దూడ వెంట ఆవు పోవునట్లు నేనును నీ వెంట వత్తునని ఆ తల్లి పట్టుపట్టినది. భర్త జీవించియుండగా ఆయనను విడిచి రాదగదని శ్రీరాముడే వారించినాడు. మనుమల పురుటి కాలమున తల్లి ఆరేసి నెలలు పరదేశమున నుండ, తండ్రి ఇంట ఒంటరిగా చేయి కాల్చుకొనుచుండుట నేడు పెక్కు యిండ్ల చూచుచున్నాము. అట్టివారు ఈ ఘట్టమును మరల పఠింపవలయును. పిమ్మట కౌసల్య కన్నీరు తుడుచుకొని, ఆచమించి, హోమము చేయించి, రక్షగా ఓషధిని కట్టి, మంగళాశాసనము చేసి పంపినది. ఏడ్పు ముందు, మంగళాశాసనము తరువాత. ఆ క్రమమును ఆమె తప్పలేదు.

సుమిత్రాదేవి లక్ష్మణునితో చెప్పినది మరియు అపూర్వము. అన్నగారియందు తండ్రిని, వదినగారియందు తల్లిని, అడవియందే తన నగరమును చూచుకొని సుఖముగా పొమ్మన్నది. ఇల్లు విడిచి పోవుచున్నావని ఆమె యనలేదు. ఇంటిని వెంటబెట్టుకొని పొమ్మన్నది.

నా యింటి మాట

శాస్త్రము చెప్పుచున్న ఈ వ్యాసకర్త తన యింట ఎట్లు నడచుకొన్నాడని పాఠకులు అడుగవచ్చును. చెప్పుట నా విధి.

నేను పాఠశాలలో గురువుల పాదముల చెంత చదువుకొని, 35 సంవత్సరములు సంస్కృతము బోధించి విరమించినవాడను. మా పెద్దవాడు చదువులో చురుకైనవాడు. 2009లో పితృార్జితమైన రెండెకరముల భూమిని అమ్మి నేనే వానిని అమెరికాకు పంపితిని. వాడు సందేహించినను నేనే ప్రోత్సహించితిని. ఊరిలో తలయెత్తుకొని తిరిగితిని. ఉద్యోగము వచ్చినది, వివాహమైనది, బిడ్డలు కలిగిరి. క్రమముగా నాలో ఒక లెక్క మొదలైనది. వారమునకు ఎన్నిసార్లు మాటలాడినాడు? పండుగకు ఏల రాలేదు? అమ్మిన భూమి ధర నేడెంత? ఈ లెక్కను పైకి చెప్పలేదు. లోపల వ్రాసికొనుచునే యుంటిని.

2021 మే మాసమున, ఆ మహమ్మారి కాలమున, నా భార్య పరమపదించినది. వాడు వచ్చినచో తిరిగి భార్యాబిడ్డల చెంతకు పోవు త్రోవ తెలియని దినములవి. మా తమ్ముని కుమారుడు కర్మ చేసినాడు. వాడు అచ్చట అర్ధరాత్రి వేళ ఫోనులో చూచుచు కూర్చున్నాడు. పదవనాడు నేను వానితో, “ఉండియు లేనివాడవైతివిరా” యంటిని. వాడు కోపపడలేదు. చాల మెల్లగా, “నాన్నగారూ, నన్ను వెళ్ళమన్నది మీరే కదండీ” యన్నాడు.

అన్ని సంవత్సరములు శ్లోకములకు అన్వయము చెప్పిన నేను ఆ యొక్క వాక్యమునకు బదులు చెప్పలేకపోతిని.

మూడు త్యాగములు

బదులు మన సంప్రదాయముననే కలదు. నేనే మరచితిని. శ్రీవైష్ణవుడు ఏ కర్మ చేసినను ఆద్యంతములయందు సాత్త్విక త్యాగము చేయును. అది మూడు విధములు: కర్తృత్వ త్యాగము, మమతా త్యాగము, ఫల త్యాగము. చేయువాడను నేను కాను, భగవంతుడే చేయించుకొనుచున్నాడు. ఈ కర్మ నాది కాదు, ఆయనది. దీని ఫలమును నాది కాదు, ఆయనదే. తిరువారాధనమునకు ముందు నిత్యము చెప్పుకొను ఈ మాటను బిడ్డను పంపు కర్మకు అన్వయించుకొనవలయునని నాకు తోచలేదు.

“వానిని ఇంతవానిని చేసినది నేను” అనుట కర్తృత్వము. వానికి బుద్ధి నిచ్చినది ఎవరు? చదువు చెప్పిన గురువు లెందరు? వానిని పరదేశమున ఆదరించినవారెవరు? “వాడు నా కొడుకు” అనుట మమత. బిడ్డ భగవంతుని సొత్తు. మన యింట కొన్నాళ్ళు పెరుగుటకై మనకు అప్పగింపబడినవాడు. “వాడు నన్ను చూచుకొనును” అనుట ఫలాపేక్ష. ఇందు మూడవదియే కఠినము. బిడ్డ తల్లిదండ్రులను చూచుకొనుట ధర్మము కాదా యనవచ్చును. ధర్మమే. కాని అది వాని ధర్మము. మన బాకీ కాదు. వాని ధర్మమును మన బాకీగా వ్రాసికొన్ననాడు వానికి ప్రేమతో చేయు అవకాశము లేకుండ పోవును. నేను చేసిన తప్పిదమిదియే.

దేవకీదేవిని తలచుకొనుడు. శిశువును రక్షించుకొనుటకై వసుదేవుడు యమున దాటి గోకులమున విడిచివచ్చినాడు. బాల్యలీలలన్నియు యశోదకు దక్కినవి. ఆ తల్లి దుఃఖమును కులశేఖరాళ్వారులు పెరుమాళ్ తిరుమొళిలోని యేడవ దశకమున గానము చేసిరి. బిడ్డ మేలు కొరకు పంపిన తల్లికి కన్నీరు ఉండదని మన ఆళ్వారులు చెప్పలేదు. ఆ కన్నీటిని పాశురమొనర్చి పెరుమాళ్ళకు సమర్పించిరి. ఏడువవచ్చును. ఆ యేడ్పును బిడ్డపై అప్పుగా వ్రాయరాదు.

పంపువారు చేయదగిన పనులు

మొదట, ఈ కోరిక ఎవరిదో తేల్చుకొనవలయును. బిడ్డదా, మన పరువుదా? ప్రక్కయింటివాని కుమారుడు పోయినాడని పంపుట ధర్మము కాదు. భూమి అమ్మినను, అప్పు చేసినను ఆ లెక్కను ముందుగానే బిడ్డకు తెలుపవలయును. ముందు చెప్పినచో అది సమాచారము. తరువాత చెప్పినచో అది ములుకోల.

రెండవది, ఆరాధన. నిత్యనియమము పాటింపజాలనివానికి సాలగ్రామమును ఇచ్చి పంపరాదు. ఒక పటము, తిరుమణి, శ్రీచూర్ణము, నోటికి వచ్చిన నాలుగు స్తోత్రములు చాలును. పుత్లీబాయి వలె రెండు మూడు నియమములనే చెప్పవలయును. ఇరువది చెప్పినచో ఒక్కటియు నిలువదు.

మూడవది, కాలనిర్ణయము. తిథి లోకమంతటికిని ఒక్క క్షణముననే మారును. సూర్యోదయము మాత్రము దేశమునుబట్టి మారును. అందుచే మన ఏకాదశి కొన్ని మాసములలో అమెరికాలో ఒకనాడు ముందుగా వచ్చును. “ఇచ్చట నేడు, నీ వచ్చట నిన్ననే చేసితివేమి?” యని బిడ్డను తప్పుపట్టరాదు. వాడున్న ఊరి పంచాంగమే వానికి ప్రమాణము. సంకల్పమున దేశము చెప్పు విధమును, శ్రాద్ధతిథిని అచ్చటి అర్చకులను, తమ ఆచార్యులను అడిగి తెలిసికొనవలయును.

నాల్గవది, అచ్చటి సన్నిధి. 1965లో అమెరికా చట్టము మారిన పిమ్మట పోయిన మనవారు పిట్స్‌బర్గ్ నగరమున శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమును నిర్మించుకొనిరి. అంతకు మున్నే, 19వ శతాబ్దమున, కోస్తా సీమనుండి చెరకు తోటలలో కూలిపనికై మారిషస్ దీవికి పోయిన మన పేదలు ఏ వీసా మ్రొక్కును ఎరుగరు. తిరిగివచ్చు ఆశయు అంతంతమాత్రమే. అయినను వారి సంతతివారు నేటికిని రామభజనము చేయుచు, సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. సముద్రము దాటినంత మాత్రమున భక్తి తెగదనుటకు వారే సాక్షులు. బిడ్డ చేరిన ఊరిలో ఆలయమెచ్చటనో కనుగొని వారమునకొకనాడైనను పొమ్మనవలయును. అది వానికి గుడియు, బంధువర్గమును కూడ.

ఐదవది, రాకపోకలు. అమెరికాలో ఉద్యోగరీత్యా స్థిరనివాసమును కోరువారిలో ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని ఏటేట 7 శాతమునకు మించి అనుమతి లభింపరాదను నియమము కలదు. అందుచే మన బిడ్డలు ఏండ్ల తరబడి వేచియుండవలసివచ్చుచున్నది. రాలేకపోవుట వేరు, రాకపోవుట వేరు. ఈ భేదము నెరుగని తల్లిదండ్రులు నిష్కారణముగా బాధపడుదురు, బాధపెట్టుదురు.

ఆరవది చెప్పుటకు కష్టమైనది. మన అంత్యకాలమును గూర్చి ముందే మాటలాడుకొనవలయును. పుత్రుడు సన్నిధిలో లేనపుడు కర్మాధికారులెవరో ధర్మశాస్త్రములు వరుసగా చెప్పియున్నవి. “నీవు రాగలిగిన రమ్ము. రాలేకపోయిన ఫలానివాడు చేయును. నీపై నాకు మనస్తాపము లేదు” అను మాటను ఆరోగ్యముగా నున్నపుడే చెప్పియుంచవలయును. నా భార్య ఈ మాటను వానికి ముందే చెప్పియున్నదని నాకు తరువాత తెలిసినది. నాకు లేని వివేకము ఆమెకు కలదు.

బిడ్డలకు ఒక మాట

ఈ వ్యాసమును చదువు బిడ్డలును ఉందురు. కంసవధానంతరము శ్రీకృష్ణుడు దేవకీవసుదేవుల చెంతకు పోయి పలికిన పలుకులు శ్రీమద్భాగవత దశమస్కంధమున కలవు. మా బాల్యము వలని ఆనందమును మీకు ఈయలేకపోతిమి. పరాధీనులమై మీకు సేవ చేయలేకపోతిమి. క్షమింపుడని ఆ సర్వేశ్వరుడు వేడుకొన్నాడు. తల్లిదండ్రుల ఋణము నూరేండ్లు బ్రతికినను తీరదన్నాడు. సమర్థుడై యుండియు వృద్ధులైన తల్లిదండ్రులను పోషింపనివానిని తీవ్రముగా నిందించినాడు. దూరమున నుండుట దోషము కాదు. దూరమును సాకుగా చేసికొనుట దోషము. తల్లిదండ్రులు ఫలత్యాగము చేయవలెనన్న మాట వారు చదువుకొనవలసినది. మీరు చదువుకొనవలసినది శ్రీకృష్ణుని యీ మాటలు. ఒకరి పాఠమును మరియొకరు అప్పజెప్పరాదు.

ఉపసంహారము

మా వాడు మరుసటి యేడు వచ్చి తల్లికి సాంవత్సరికము శ్రద్ధగా చేసినాడు. ఆనాటి సాయంకాలము, “పొమ్మన్నది నేనేరా. పొమ్మని, ఏల పోయితివని అడిగినదియు నేనే” యంటిని. వాడు నా కాలు పట్టుకొన్నాడు. అంతకు మించి మా మధ్య మాటలు అవసరము కాలేదు.

ఇక చిలుకూరిలోని ఆ తల్లి ప్రశ్నకు వత్తును. మ్రొక్కు తీరిన పిమ్మట ఏమి అడుగవలయును? పెరియాళ్వారులకు మధురలో గరుడారూఢుడై స్వామి ప్రత్యక్షమైనపుడు ఆయన ఏమియు అడుగలేదు. ఇంత సౌందర్యమునకు ఎవరి దృష్టి తగులునో యని తల్లి వలె భయపడి, స్వామికే పల్లాండు పాడినారు. అడుగుట మనకు తెలిసిన భక్తి. పల్లాండు పాడుట ఆళ్వారులు నేర్పిన భక్తి. బిడ్డను పంపిన తల్లికిని ఇదియే మార్గము. అమ్మా! ఆ 11 ప్రదక్షిణములు నీ కోరిక కొరకు చేసితివి. ఈ 108 ప్రదక్షిణములలో అడుగవలసినది ఏమియు లేదు. ఒక్కొక్క ప్రదక్షిణమునకు స్వామికి పల్లాండు, ఆయన సొత్తైన నీ కుమారునికి పల్లాండు చెప్పుకొనుము. కాళ్ళు వాటంతట అవే ముందుకు పడును.

సర్వే జనాః సుఖినో భవంతు.